ఎద్దు లాడాలకు సుత్తి: ఎంపిక, వాడకం

పాల సంఘం పత్రికలో సుత్తి గురించి పాఠం ఏమిటని సభ్యులకు అనిపించవచ్చు. వెన్న శాతం, దాణా, గాలికుంటు టీకాలు మనకు అలవాటైన విషయాలు. అయితే సంఘంలో పాలు పోసే ఇళ్లలో కొన్నింటికి ఈనాటికీ జత ఎద్దులున్నాయి. చేలో కోసిన పచ్చిజొన్న, కళ్లంలోని వరిగడ్డి గేదె ముందుకు చేరేది ఆ బండి మీదే. ఊళ్లో ట్రాక్టరు ఉన్నా, రోజూ నాలుగు మోపుల మేత కోసం దాన్ని పిలిస్తే కిరాయి కూడా రాదు. ఎద్దు కుంటిన రోజు గేదెకు మేత తగ్గుతుంది. రెండు మూడు రోజుల్లో ఆ సంగతి పాల పుస్తకంలో కనిపిస్తుంది.

నాకు ఈ పాఠం అలాగే వచ్చింది. మాది పల్నాడు వైపు. నాపరాళ్ల బాటలు, తారు రోడ్లు. లాడాలు లేకుండా ఎద్దును రోడ్డెక్కిస్తే నెల తిరక్కుండా గిట్ట అరిగి పచ్చిదేలుతుంది. కొన్నేళ్ల కిందట కోతల కాలంలో లాడాలు అరిగిపోయాయి. మా ఊరి కమ్మరి బాబాయి కూతురింటికి వెళ్లి ఉన్నాడు. నాలుగు రోజులు ఆగితే సరిపోయేది. నేను తొందరపడ్డాను. అంగట్లో రెడీమేడ్ లాడాలు కొని, రిపేరు షెడ్డులో పనిచేసే ఒక కుర్రవాడి చేత కొట్టించాను. అతని చేతిలో ఉన్నది మెకానిక్కులు వాడే బాల్‌పీన్ సుత్తి, ముప్పాతిక కిలో పైనే ఉంటుంది. దానితోనే లాడాన్ని చల్లగా ఉండగా వంచాడు. దానితోనే మేకులు దిగ్గొట్టాడు. పని గంటలో అయిపోయింది.

మర్నాడు వలపటి ఎద్దు ముందరి కుడికాలు నేల మీద పూర్తిగా ఆనించలేదు. మూడో రోజుకు గిట్ట వేడెక్కింది. పశువైద్యుడు వచ్చి లాడం ఊడదీస్తే ఒక మేకు బెజ్జంలోంచి చీము వచ్చింది. ఇరవై రోజులకు పైగా ఎద్దు కొట్టంలోనే ఉంది. మేత తల మీద మోశాం.

కమ్మరి బాబాయి తిరిగొచ్చాక ఊడదీసిన లాడాలను చూపించాను. ఆయన ఒకదాన్ని దాగలి మీద పెట్టి, చూపుడు వేలితో ఒక కొన నొక్కాడు. రెండో కొన పైకి లేచింది.

“ఇది ఏ సుత్తితో సరిచేశారు అబ్బాయ్?”

“మెకానిక్కు సుత్తితో బాబాయ్.”

“చూడు, ఒక కాలు పొట్టిదైన పీటలాగా ఊగుతోంది. ఎద్దు అడుగేసినప్పుడల్లా ఇది లోపల ఊగింది. మేకు కూడా ఆ సుత్తితోనే కొట్టారా?”

“అవును బాబాయ్.”

“ఇంక దానికేం తెలుస్తుంది, మేకు గోట్లోకి పోతోందో కండలోకి పోతోందో!”

ఆ రెండు మాటల్లోనూ ఈ పాఠమంతా ఉంది. లాడాన్ని మలిచే సుత్తి వేరు, మేకు కొట్టే సుత్తి వేరు. ఒకదాని పని రెండోదానితో చేస్తే బాధ ఎద్దుకు.

లాడం సంగతి ముందు

గుర్రానికి కాలికి ఒకే గిట్ట కాబట్టి దాని లాడం వంపు తిరిగిన ఒకే కడ్డీ. ఎద్దు కాలికి రెండు డెక్కలు. నడిచేటప్పుడు అవి కొంచెం విడిపోయి మళ్లీ దగ్గరవుతాయి. అందుచేత ఒక్కో డెక్కకు ఒక్కో రేకు విడిగా వేయాలి. కాలికి రెండు, ఎద్దుకు ఎనిమిది, జతకు పదహారు. రేకుకు నాలుగు మేకులైనా వేసుకుంటే జతకు 64 మేకులు. అరవై నాలుగింటిలో ఒక్కటి తప్పినా ఎద్దు కుంటుతుంది.

ఎద్దు గిట్ట చుట్టూ ఉండే గట్టి గోరు గుర్రం గోరుకంటే పలచన. అడుగు భాగం కూడా పలచనే, మంచి గిట్టలోనే సుమారు 5 నుంచి 7 మిల్లీమీటర్లు మాత్రం ఉంటుంది. దానిపైన జీవం ఉన్న కండ. కాలెత్తి గిట్ట అడుగు శుభ్రంగా గీకి చూస్తే, బయటి గోరుకూ లోపలి మెత్తటి అడుగుకూ మధ్య సన్నటి తెల్లగీత కనిపిస్తుంది. మేకు ఆ గీత మీదగానీ దానికి బయటగానీ దిగాలి. గీత దాటి లోపలికి పోకూడదు. డెక్కల మధ్య సందు వైపు గోరు ఇంకా పలచన కాబట్టి మేకులన్నీ బయటి అంచు వెంబడే ఉంటాయి.

అంటే లాడం బెజ్జాలు సరిగ్గా ఆ గీత మీదికి రావాలి, రేకు ఊగకుండా చదునుగా అతకాలి. ఈ రెండూ కొలిమి దగ్గర తేలే విషయాలు. అక్కడ పని చేసేది సుత్తి.

సుత్తికి మొహాలు

మన కమ్మరుల చేతి సుత్తికి సాధారణంగా ఒక పక్క చదును మొహం, రెండో పక్క మొద్దు ఉలి మాదిరి సన్నటి వాదర ఉంటాయి. గుర్రాలకు లాడాలు కొట్టేవారు, హైదరాబాదు వైపు నాల్‌బందులు అంటారు, వారి పనికి పేరుపడ్డది మరో రకం. ఇంగ్లీషులో దాన్ని రౌండింగ్ హామర్ అంటారు. దానికి ఒక మొహం చదును, రెండో మొహం తాబేటి వీపులా కొంచెం ఉబ్బు. మనం దీన్ని ఉబ్బు సుత్తి అందాం. ఇంగ్లండులో, అమెరికాలో లాడాలు కొట్టేవారి దగ్గర ఇది తప్పకుండా ఉంటుంది. బ్రిటన్‌లో 1975లో చేసిన చట్టం ప్రకారం రిజిస్టరు కాని మనిషి గుర్రానికి లాడం కొట్టకూడదు. అక్కడ ఈ పనికి అంత శిక్షణ ఉంది.

ఏ మొహం ఇనుమును ఎటు నెడుతుందో తెలుసుకోవడానికి కొలిమి అక్కర్లేదు. కుమ్మరి దగ్గర ఒక ముద్ద బంకమట్టి తెచ్చి పీట మీద పెట్టి కొట్టి చూడండి. సన్నటి వాదరతో కొడితే మట్టి వాదరకు అడ్డంగా, రెండు పక్కలకే జరుగుతుంది. ఉబ్బు మొహంతో కొడితే దెబ్బ మధ్యలో చిన్న చోట పడి మట్టి అన్ని వైపులకూ సాగుతుంది. చదును మొహంతో కొడితే దెబ్బ వెడల్పుగా పరుచుకుంటుంది. మట్టి కొద్దిగానే జరుగుతుంది కాని పైన నున్నగా ఉంటుంది. ఎర్రగా కాలిన ఇనుము కూడా ఇలాగే నడుస్తుంది. అందుకే ఉబ్బు మొహం సాగదీయడానికి, చదును మొహం సరిచేయడానికి.

ఉబ్బు మొహానికి ఇంకో ఉపయోగం ఉంది. లాడం వంపు లోపలి వైపున చదును మొహంతో కొడితే సుత్తి అంచు దిగబడి గాటు పడుతుంది. ఉబ్బు మొహానికి అంచు తగలదు. వంపులోకి హాయిగా కూర్చుంటుంది. రేకు పక్కలను వంచేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది.

మరి బాల్‌పీన్ సుత్తికి కూడా ఒక పక్క గుండు ఉంది కదా అని అడగవచ్చు. ఆ గుండు మరీ చిన్నది. గోలీకాయతో కొట్టినట్టు గుంటలు పడతాయి. గుంట పడిన చోట రెండో వైపు బొడిపె లేస్తుంది. మా ఎద్దు గిట్ట కింద పీట కాలులా ఊగింది ఆ బొడిపెలే. రిబెట్లు కొట్టడానికి ఆ సుత్తి మంచిదే. లాడం పనికి కాదు.

కొనేటప్పుడు చూడవలసినవి

బరువు మొదట చూడాలి. లాడం మలచడానికి 900 గ్రాముల నుంచి 1,100 గ్రాముల తల చాలు. కొత్తగా నేర్చుకునేవారు 900 దాటవద్దు. పెద్ద సుత్తి అయితే త్వరగా సాగుతుందని అనుకుంటారు. లెక్క చూడండి. సుత్తి బరువు రెట్టింపైతే దెబ్బ బలం రెట్టింపు అవుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. చేతికి తగిన సుత్తిని చురుకుగా వేసిన దెబ్బే ఎక్కువ పని చేస్తుంది. బరువు సుత్తితో పదో రేకుకే మణికట్టు అలసిపోతుంది. అప్పటినుంచి మొహం వాలుగా పడుతుంది, అంచు గాట్లు మొదలవుతాయి. పదహారు రేకులు చేయాలని మరిచిపోవద్దు. అంగట్లో చెప్పే బరువును నమ్మకుండా సంఘంలో దాణా తూచే కాటా మీద తల ఒక్కదాన్నీ తూచుకోండి. కొందరు కామతో కలిపి చెబుతారు.

తరువాత మొహాలు. చదును మొహం మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. మధ్యలో పల్లం ఉండకూడదు, అంచులు మాత్రం కొంచెం గుండ్రంగా అరగదీసి ఉండాలి. నూటికి తొంభై సుత్తులు అంచు పదునుగానే వస్తాయి. కొన్నాక మొట్టమొదటి పని ఆకురాయితో ఆ అంచు తీసేయడం. ఉబ్బు మొహం మీద స్కేలు మధ్యలో ఆనించితే రెండు చివరల 2 మిల్లీమీటర్ల సందు కనిపిస్తే సరిపోతుంది, నేను వాడేది అంతే. ఉబ్బు ఇంకా ఎక్కువైతే అది బాల్‌పీన్ గుండుకు తమ్ముడే.

ఇనుము రకం చూసి చెప్పడం కష్టం. పోత ఇనుము సుత్తి చవకగా దొరుకుతుంది. అది ఒక రోజు పగిలి మీదకు ఎగురుతుంది, ముట్టుకోవద్దు. పోత గుర్తులు, పక్కన అతుకు గీత, గరుకు మొహం ఉంటే అనుమానించాలి. ఆకురాయి అంచుతో మొహం మీద మెల్లగా గీసి చూడండి. రాయి మెత్తగా కొరుక్కుపోతే పదును పెట్టలేదన్నమాట. అసలు అంటకుండా గాజు మీద జారినట్టు జారితే మరీ పెళుసు. కొంచెం పట్టీ పట్టనట్టు ఉండాలి. సాగదీసి చేసిన ఉక్కు సుత్తి మధ్యస్థ కర్బనం గలది, వందకు సుమారు అర పాలు కర్బనం ఉన్నదయితే మంచిది. పాత లారీ ఇరుసు ముక్కతో సుత్తి చేసి, సరిగ్గా పదును పెట్టగల కమ్మరి మీ దగ్గరలో ఉంటే కొనడం కంటే అది మేలు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో తీసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. అటువంటి పనివారి చేతి పదును మన పల్లెల్లో ఇంకా అక్కడక్కడ మిగిలి ఉంది.

కామ గురించి రెండు మాటలు. పొడవు 30 నుంచి 35 సెంటీమీటర్లు. నల్లతుమ్మ బాగా ఆరినది శ్రేష్ఠం. కామ అడ్డకోత గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో ఉండాలి. అప్పుడు చూడకుండానే మొహం ఎటుందో అరచేతికి తెలుస్తుంది. రెండు మొహాల సుత్తికి ఇది మరీ ముఖ్యం. చెక్క గీతలు కామ పొడుగునా కొస నుంచి కొసకు నడవాలి, అడ్డంగా తెగిపోతే అక్కడే విరుగుతుంది. తల వదులైతే నీళ్ల బకెట్లో పడేసే అలవాటు మన దగ్గర ఉంది. చెక్క ఉబ్బి ఆ పూటకు బిగుస్తుంది. ఆరాక ముందుకంటే ఎక్కువ వదులవుతుంది. చీల కొట్టి బిగించి, అవిసె నూనె పట్టించండి.

కొలిమి దగ్గర

లాడం రేకుకు 4, 5 మిల్లీమీటర్ల మందం గల మెత్తటి ఇనుప పట్టీ సరిపోతుంది. అది ఎంత కాలాలో రంగు చెబుతుంది. కొలిమిని ఎండలో పెట్టవద్దు, ఎండలో అన్ని రంగులూ మోసం చేస్తాయి. నీడలో చూస్తే పండిన నారింజ రంగు కనిపించినప్పుడు, అంటే సుమారు 1,000 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర, ఇనుము సుత్తి మాట వింటుంది. తెల్లబడి నిప్పురవ్వలు చిమ్మితే ఇనుము కాలిపోతున్నట్టు. ఆ ముక్క పనికిరాదు. రంగు చచ్చి ముదురు ఎరుపులోకి దిగితే ఆపి మళ్లీ కొలిమిలో పెట్టాలి. “ఇంకో రెండు దెబ్బలే” అని కొట్టేవారే ఎక్కువ. ఎరుపు పోయి 200 నుంచి 350 డిగ్రీల మధ్య ఉండగా కొడితే ఇనుము పెళుసుగా ఉంటుంది. పగులు అప్పుడు కనిపించదు. ఎద్దు రాయి మీద కాలు వేసిన రోజు కనిపిస్తుంది.

సుత్తిని కామ చివరికంటే కొంచెం లోపలగా, గుడ్డు పట్టుకున్నంత వదులుగా పట్టుకోవాలి. బిగించి పట్టుకుంటే మోచేతికి నొప్పి చేరుతుంది. దెబ్బ భుజం నుంచి రావాలి. సుత్తి తానే కిందపడుతున్నట్టు వదిలి, దాగలి నుంచి లేచినప్పుడు ఆ లేవడాన్ని వాడుకోవాలి. దాగలి ఎత్తు మీ పిడికిలి వేలాడే ఎత్తుకు ఉంటే మొహం చదునుగా పడుతుంది. నేల మీద కూర్చుని పనిచేసే కమ్మరులకు దాగలి మొద్దులో పాతి కింద ఉంటుంది. వారి చెయ్యి ఆ ఎత్తుకు అలవాటు. నిలబడి నేర్చుకున్నవాడు అక్కడ కూర్చుంటే ప్రతి దెబ్బా వాలుతుంది. అది సుత్తి తప్పు కాదు.

పని వరుస ఇలా ఉంటుంది. ముందు ఉబ్బు మొహంతో పట్టీని డెక్క వెడల్పుకు సాగదీయాలి, మధ్య నుంచి అంచుకు నడుస్తూ, దెబ్బ పక్కన దెబ్బ. తర్వాత బయటి అంచును గిట్ట వంపుకు తిప్పాలి. మన దాగలికి ముందు కొమ్ము ఉండదు కాబట్టి మందపాటి గొట్టం ముక్కో, ఇరుసు ముక్కో పెట్టుకుని దాని మీద ఉబ్బు మొహంతో వంచవచ్చు. అటు తర్వాత సుత్తి తిప్పి చదును మొహంతో రేకంతా తేలికగా సరిచేయాలి. బెజ్జాలు అప్పుడు మాత్రమే కొట్టాలి.

ఈ చివరి మాట దగ్గర ఆగాలి. చాలామంది ముందు బెజ్జాలు కొట్టేసి, తర్వాత రేకు చిన్నదిగా ఉందని ఉబ్బు మొహంతో అంచు సాగదీస్తారు. అంచు బయటికి సాగితే బెజ్జానికీ అంచుకూ దూరం పెరుగుతుంది. రేకు అంచు గిట్ట అంచుకు సరిపెట్టి బిగిస్తే, బెజ్జం తెల్లగీత దాటి లోపలికి వచ్చి కూర్చుంటుంది. పైనుంచి చూస్తే లాడం అందంగానే ఉంటుంది. ఎద్దు కుంటుతుంది, కమ్మరి మేకును తిడతాడు. కొట్టిన బెజ్జాల మీద ఉబ్బు మొహం మళ్లీ పడకూడదు. సరిచేయవలసి వస్తే చదును మొహంతో, తేలిక దెబ్బలతో చేయాలి. కొలత తప్పితే ఆ రేకును వదిలి ఇంకొకటి చేయడమే చవక.

చివరగా రేకును దాగలి మీద పెట్టి నాలుగు కొనలూ వేలితో నొక్కండి. ఎక్కడా లేవకూడదు. నీళ్లలో ముంచి పూర్తిగా చల్లార్చాకే గిట్టకు ఆనించాలి. గుర్రాలకు కాలిన లాడం అంటించి గోరు మీద అచ్చు చూసే పద్ధతి ఉంది. ఎద్దు గోరు పలచన కాబట్టి మనకు అది వద్దు.

రెడీమేడ్ లాడాలు కొనేవారికి ఈ పనిలో సగం తప్పుతుంది. మిగతా సగం తప్పదు. ఒంగోలు ఎద్దు గిట్టా, చిన్న జాతి నాటు ఎద్దు గిట్టా ఒకటి కాదు. అంగడి లాడం ఏదో ఒక సైజుకు చేసింది. లాడం పెద్దదైతే గిట్టకు సరిపోయేలా చిన్నది చేయాలి గాని, చిన్నదైతే గిట్టను చెక్కకూడదు.

మేకు సుత్తి

ఇది వేరే సుత్తి. తల 250 నుంచి 350 గ్రాములు, మొహం రూపాయి బిళ్లకంటే చిన్నదైనా ఫరవాలేదు. వెనక రెండు కొమ్ములు చీలి ఉంటే మేకు కొన విరవడానికి వీలు. వడ్రంగి చిన్న సుత్తి కూడా పనికివస్తుంది. కిలో సుత్తితో మేకు కొట్టకూడదనడానికి కారణం బలం ఒక్కటే కాదు. పెద్ద సుత్తి చేతికి కబురు తేదు. చిన్న సుత్తి తెస్తుంది.

మేకు మొన ఒక పక్క వాలుగా చెక్కి ఉంటుంది. ఆ వాలు గిట్ట లోపలి వైపుకు ఉంచాలి. అప్పుడు మేకు దిగుతూ బయటికి వంగి గోరు పక్కనుంచి బయటపడుతుంది. తిప్పి పెడితే లోపలికి వంగి కండలోకి పోతుంది. చీకట్లో తడిమి పెట్టేవారు పదిసార్లలో ఒకసారి తిప్పి పెడతారు. అందుకే ఈ పని పగటి పూటే.

మొదట చిన్న దెబ్బలు. మేకు గట్టి గోట్లో దిగుతుంటే ‘టక్ టక్’మని గట్టి శబ్దం, దిగేకొద్దీ ఇంకా గట్టిగా వస్తుంది. సుత్తి చేతిలో ఎగురుతుంది. శబ్దం ఉన్నట్టుండి మెత్తబడి, గుమ్మడికాయ మీద కొట్టినట్టు వినబడితే, లేదా మేకు సులువుగా జారిపోతుంటే, లేదా ఎద్దు కాలు గుంజుకుంటే ఆపండి. ఆ మేకు వెంటనే పీకండి. రక్తం కనిపిస్తే ఆ బెజ్జంలో టింక్చర్ అయోడిన్ పోసి, ఆ బెజ్జం ఖాళీగా వదిలేయాలి. “కొంచెం పక్కకు వంచి కొడతాను” అనే కమ్మరిని ఆపండి, ఎంత పెద్దవాడైనా సరే. ఆ రోజే పశువైద్యునికి చెబితే ధనుర్వాతం సంగతి ఆయన చూస్తాడు.

సరిగ్గా వచ్చిన మేకు గిట్ట అడుగు అంచు నుంచి సుమారు వేలు వెడల్పు ఎత్తున బయటికి మొన చూపుతుంది. మొన కనబడగానే దాన్ని తిప్పి విరిచేయాలి, రెండో మేకు కొట్టేదాకా ఆగకూడదు. ఎద్దు కాలు విదిలిస్తే ఆ మొన పట్టుకున్న మనిషి చెయ్యి చీరుతుంది. మిగిలిన కొసను మడిచి, కింద పట్టకారు ఆనించి తేలికగా కొట్టి, ఆకురాయితో నున్నగా చేయాలి. మడత మరీ బిగిస్తే గోరంతా నొక్కుకుని మేకు తగలకపోయినా ఎద్దు కుంటుతుంది.

ఎద్దును పడవేయడం మన రైతులకు తెలిసిన పనే కనుక ఎక్కువ రాయను. మేత వేయకముందు పొద్దున్నే చేయండి. నిండు కడుపుతో పడుకోబెడితే ఉబ్బరం వస్తుంది. కింద గడ్డి పరచండి, తలను ఒకరు పట్టుకోవాలి. పొట్ట ఉబ్బుతున్నట్టు కనిపిస్తే పని సగంలో ఉన్నా కట్లు విప్పి లేపండి. రెండు కాళ్లు ఇవాళ, రెండు కాళ్లు రేపు చేసినా నష్టం లేదు. పాత లాడాలు అరగకపోయినా నెల, నెలన్నరకు తీసి చూడాలి. గిట్ట నెలకు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లోపల గోరు పెరిగి లాడం అంచు మీద అడుగు భాగాన్ని నొక్కుతుంది.

లాడాలు కొట్టిన మర్నాడు ఎద్దును కట్టు విప్పి పది అడుగులు నడిపించి చూడండి. కాలు కొనతో ఆనించినా, గిట్ట మీద చెయ్యి పెడితే మిగతా మూడింటికంటే వేడిగా అనిపించినా, ‘కొత్త లాడం కదా, అలవాటవుతుంది’ అనుకోవద్దు. నేను అలా అనుకునే రెండు రోజులు పోగొట్టుకున్నాను.

సుత్తిని కాపాడుకోవడం

సుత్తితో సుత్తిని కొట్టకూడదు. రెండూ పదును పెట్టినవే కనుక పెచ్చు ఎగురుతుంది, అది కంటికి తగిలితే కన్ను పోతుంది. మామూలు కళ్లద్దాలైనా సరే పెట్టుకోండి. చల్లటి దాగలి అంచు మీద కొట్టకూడదు. నైలాను, టెరికాటన్ చొక్కాతో కొలిమి ముందు కూర్చోకూడదు, నూలు బట్ట మేలు. కాలిన ఇనుప పొలుసు పడితే నూలు బట్టకు చిన్న చిల్లి పడుతుంది, నైలాను కరిగి ఒంటికి అంటుకుంటుంది.

ఏడాదికోసారి మొహాలు ఆకురాయితో సరిచేసుకోవాలి. మొహం అంచున ఇనుము పుట్టగొడుగులా బయటికి పరుచుకుంటే దాన్ని అరగదీయాలి. కరెంటు గ్రైండరు మీద పెడితే తరచూ నీళ్లలో ముంచాలి. మొహం నీలిరంగు తిరిగిందంటే పదును పోయినట్టే. తర్వాత అది మెత్తబడి గుంటలు పడుతుంది.

పాలిచ్చే ఆవులు, గేదెలకు లాడాలు అవసరం లేదు. వాటికి కావలసింది గిట్టలు చెక్కడం. సిమెంటు నేల మీద ఎప్పుడూ కట్టి ఉంచిన పశువుకు ముందు గోరు పొడుగై మడమ మీద భారం పడుతుంది. ఆ పనికి సుత్తి అక్కర్లేదు, గిట్ట కత్తి, ఆకురాయి చాలు. ఒక డెక్కకు పుండు పడితే ఈ రోజుల్లో పశువైద్యులు రెండో మంచి డెక్కకు చెక్క దిమ్మ అంటించి, పుండు ఉన్న డెక్క నేలకు తగలకుండా చేస్తున్నారు. మేకు కొట్టరు, జిగురుతో అంటిస్తారు. మీ ఆవు కుంటుతుంటే ముందు ఇది అడగండి.

మా సంఘంలో గత రెండేళ్లుగా ఒక చిన్న పెట్టె ఉంచుతున్నాం. అందులో 950 గ్రాముల ఉబ్బు సుత్తి ఒకటి, 300 గ్రాముల మేకు సుత్తి ఒకటి, పట్టకారు, ఆకురాయి, గిట్ట కత్తి, టింక్చర్ సీసా ఉంటాయి. ఎద్దులున్న సభ్యులు సంతకం పెట్టి తీసుకువెళతారు. కమ్మరి బాబాయి వచ్చిన రోజున తన సుత్తి వదిలి ఆ ఉబ్బు సుత్తే అడుగుతున్నాడు. పోయిన వారం కామ వదులైతే ఒక సభ్యుడు నీళ్ల బకెట్లో వేసి ఇచ్చాడు. తీసి ఆరబెట్టి, కొత్త చీల కొట్టించాం.